మూడు వారాల స్విట్జర్లాండ్ యాత్ర: రైలు పాస్ కొనేముందు

నల్గొండ, పాలమూరు నుంచి వేసవి సెలవులకు ఆల్ప్స్ పోయేవాళ్లు ముందు కాగితం మీద ఊర్లు, తేదీలు రాసుకోండి. పాస్ సంగతి తర్వాత.

స్విస్ ట్రావెల్ పాస్ 3, 4, 6, 8, 15 రోజులకే దొరుకుతుంది. మామూలుదైతే రోజులు వరుసగా లెక్క. ఫ్లెక్స్ రకం పాస్‌లో నెలలోపు మీకు నచ్చిన రోజులు వాడుకోవచ్చు, కానీ ఆ రోజును ఆన్‌లైన్‌లో యాక్టివేట్ చేశాకే రైలెక్కాలి. మరిచిపోతే టికెట్ లేనట్టే. హాఫ్ ఫేర్ కార్డు నెలంతా పనిచేస్తుంది, టికెట్లు సగం ధరకు వస్తాయి.

లెక్క ఇట్లా: పాస్ ధరలోంచి కార్డు ధర తీసేయండి, మిగిలినదాన్ని రెండింతలు చేయండి. స్విస్ రైల్వే వాళ్ల ఎస్‌బీబీ యాప్‌లో మీ ప్రయాణాల పూర్తి ఛార్జీ కూడితే అంతకంటే ఎక్కువొస్తే పాస్, తక్కువొస్తే కార్డు. ఒకే ఊర్లో వారం ఉండి కొండలెక్కేవాళ్లకు తరచుగా కార్డే నయం.

కొండ రైళ్ల దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఎత్తైన మంచు కొండల్లో ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ స్టేషన్‌కు పోవాలంటే పాస్ కింద ఉన్న గ్రిండెల్‌వాల్డ్, వెంగెన్ ఊర్ల దాకానే చెల్లుతుంది. ఆపైన తగ్గేది 25 శాతమే, కార్డుకైతే 50. రిగి కొండకు మాత్రం పాస్‌తో ఉచితం. కొండల అందాలు చూపించే గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ రైల్లో పాస్, కార్డు ఏది ఉన్నా సీటు రిజర్వేషన్‌కు వేరే కట్టాలి.

పిల్లలకు (6 నుంచి 15 ఏళ్లు) ఫ్యామిలీ కార్డు ఉచితం. అమ్మో నాన్నో పక్కనుంటేనే, తాత నానమ్మలతో పోతే చెల్లదు.

పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే కొట్టండి. మనకలవాటైన ఇంటిపేరు పొడి అక్షరం వద్దు, తనిఖీలో పాస్‌పోర్టు అడుగుతారు.