నూనెరంగుల్లో తోట – 3వ పాఠం: మంచు కలపడం

పోయిన పాఠంలో 12×16 అంగుళాల కాన్వాసు మీద రెండేసి అంగుళాల గళ్లు గీసి, నమూనా ఫొటోలోని తోటను బర్ంట్ అంబర్ అనే ముదురు గోధుమరంగుతో పలచగా దించుకున్నాం. ధనుర్మాసంలో తెల్లవారే వేళ కోనసీమ తోట అది. వెనక రెండు వరసల కొబ్బరిచెట్లు, మధ్యలో బోదె, ఈ గట్టున అరటిగుబురు. ఇప్పుడు కాన్వాసు అంచున గోటితో మెల్లగా గీకండి. రంగు గోటికి అంటితే ఇంకా ఆగాలి. నూనెరంగు నీళ్లలా ఆవిరైపోయి ఆరదు, గాలిలోని ఆక్సిజన్ పట్టుకుని గట్టిపడుతుంది. చలీ తేమా కలిసిన మన డెల్టా పొద్దుల్లో దానికి ఇంకాస్త సమయం పడుతుంది.

ఈ వారం పని చాలావరకు పాలెట్ మీదే, అంటే రంగులు కలిపే పలక మీదే. చెట్లన్నీ పచ్చగా వేసేసి పైన తెలుపు పులిమితే మంచు రాదు, సున్నం కొట్టినట్టు ఉంటుంది. మనకీ చెట్టుకీ నడుమ ఉన్న గాలంతా మంచే. చెట్టు ఎంత దూరమైతే ఆ గాలి అంత మందం. అందుకే మంచురంగును ముందే ఒక ముద్దగా కలిపి, దాన్నే ప్రతి ఆకుపచ్చలోనూ పాళ్లు మార్చి కలపాలి.

మంచురంగు: టీస్పూను నిండా టిటానియం తెలుపు, కందిగింజంత అల్ట్రామెరీన్ నీలం, అందులో సగం బర్ంట్ సియన్నా (ఎర్రటి గోధుమరంగు), మరో కందిగింజంత ఎల్లో ఓకర్ (మట్టి పసుపు). ముత్యపు ఛాయ రావాలి. నీలం పొడగడితే చిటికెడు సియన్నా వేయండి.

ఆకుపచ్చ: ట్యూబులోని పచ్చ వాడకండి, అది ప్లాస్టిక్ ఆకులా మెరుస్తుంది. ఓకర్ రెండు పాళ్లు, అల్ట్రామెరీన్ ఒక పాలు, కొంచెం సియన్నా. వెనక వరసకు ఆరు వంతుల మంచురంగులో ఒక వంతు ఈ పచ్చ, ముందు వరసకు రెండు వంతుల మంచురంగులో ఒక వంతు పచ్చ. అరటికి మంచురంగు ఒక వంతైతే పచ్చ నాలుగు, కానీ అరటి వచ్చే పాఠంలో.

మొదటి పూతకు రంగును పలచన చేసే టర్పెంటైన్ ఒక్కటే వాడాం. దీనికి రెండు వంతుల టర్పెంటైన్‌లో ఒక వంతు లిన్సీడ్ (అవిసె) నూనె. పై పూతలో నూనె ఎప్పుడూ కింది పూతకంటే ఎక్కువుండాలి. తిరగబడితే పైది ముందు బిగుసుకుంటుంది, కిందిది ఇంకా కదులుతూ ఉంటుంది, బొమ్మ పగుళ్లిస్తుంది.

ఆకాశం నుంచి మొదలుపెట్టండి. అది తడిగా ఉండగానే వెనక వరస వేయాలి. కొబ్బరిమట్టలు ఒక్కొక్కటే గీయొద్దు. మొవ్వు చుట్టూ తలను ఒకే మసక ముద్దగా పెట్టి, ఆకాశపు రంగుతో బయటినుంచి లోపలికి చీలికలు తీయండి. మట్టలు వాటంతటవే విడతాయి. మానుల అడుగుభాగం బోదె దగ్గర మంచులో కలిసిపోవాలి. తడి లేని మెత్తని వెడల్పు కుంచెతో అక్కడ అడ్డంగా ఒక్కసారి నిమిరి, కుంచె గుడ్డకు తుడిచి, మళ్లీ నిమరండి. తుడవకుండా నిమిరితే బురదే.

అంచు ఎక్కడ తేల్చాలో, ఎక్కడ కరగనివ్వాలో కళ్లతో చూసి నేర్చుకోవాల్సిందే. రాజమహేంద్రవరం వెళ్లినప్పుడు దామెర్ల రామారావు (1897–1925) పేరిట ఉన్న చిత్రకళా మందిరంలో, బొమ్మలో ఏముందన్నది పక్కనపెట్టి, అంచులే చూస్తూ ఒక గంట గడపండి.

అయ్యాక బొమ్మనూ నమూనానూ పక్కపక్కన పెట్టి ఫోనులో తెలుపు–నలుపు ఫొటో తీయండి. వెనక వరస మానులు ముందు వరసంత నల్లగా కనిపిస్తే, అక్కడికక్కడే గుడ్డతో తుడిచి మంచురంగు పెంచండి. తడి మీదున్నప్పుడే ఈ దిద్దుబాటు సులువు.

లిన్సీడ్ నూనె అంటిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేయకండి, లోపల వేడి పుట్టి వాటంతటవే అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి. బొమ్మను బీరువాలో దాచొద్దు, చీకట్లో నూనె పసుపెక్కుతుంది. వెలుతురున్న గదిలో, ఎండ తగలని గోడకు ఆనించి ఉంచండి. పూత గోటికి అంటని రోజున అరటిగుబురు మొదలుపెడదాం.