బండ లాగలేని ఎద్దును ఏ పనికి మార్చాలి? మొదట దాని కాలు చూడండి

బండలాగుడు పందేల్లో నిన్నటిదాకా బండను ఊపుమీద లాగిన ఎద్దు ఒక్కసారిగా వెనకబడితే మనవాళ్లకు వెంటనే వచ్చే ఆలోచన పని మార్చడం. పొలానికి తిప్పుదామా, టైరు బండికి కడదామా, విత్తులు కొట్టించని గిత్తయితే ఆబోతుగా ఉంచుదామా అని అడుగుతారు. గిట్ట ఎత్తి చూశారా అని నేనడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. జబ్బేమిటో తెలియకుండా పని మారిస్తే, నయమయ్యే ఎద్దును మూలన పడేసినట్టవుతుంది. లేదంటే తేలిక పని అనుకుని దానికి ఇంకా కష్టమైన పనే పెట్టినవాళ్లమవుతాం.

నడిచేకొద్దీ కుంటు పెరుగుతోంది, రాళ్ల దారిలో మరీ ఎక్కువ

నొప్పి పాదంలోనే ఉంది. నాడా తీయించి, గిట్ట కడిగి, అడుగున బొటనవేలితో గట్టిగా నొక్కండి. మేకు పక్కదారి పట్టి కండలోకి దిగితే దాని చుట్టూ నల్లగా, చెమ్మగా ఉంటుంది. గిట్ట మీద చెయ్యి పెడితే వేడి తెలుస్తుంది. వెనక కాళ్లలో బయటివైపు గిట్టను ముందు చూడండి, బరువు ఎక్కువగా పడేది దాని మీదే. మేకు తీయించి, మందు వేయించి, మానేదాకా నాడా లేకుండా మెత్తటి నేల మీద ఉంచండి. ఈ ఎద్దుకు పని మార్చాల్సిన అవసరమే లేదు.

పొద్దున లేవగానే వెనక కాలు ఈడుస్తోంది, కాసేపు నడిస్తే మామూలుగా ఉంటోంది

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. తుంటి అరిగిందనో, వాతమనో, ముసలితనమనో తేల్చేస్తారు. మేలుజాతి ఒంగోలు ఎద్దులు ఇలా సగం ధరకు చేతులు మారడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

చాలాసార్లు జరిగేది వేరు. వెనక మోకాలి చిప్ప పైకి జరిగి, దాన్ని పట్టుకుని ఉండే నరం (లిగమెంటు) తొడ ఎముక గట్టు మీద గొళ్లెంలా ఇరుక్కుంటుంది. అప్పుడు కాలు మడత పడదు. వెనక్కి చాచినట్టే బిగుసుకుపోయి, గిట్ట కొన నేలకు రాసుకుంటూ వస్తుంది. కాసేపటికి చిప్ప టక్కున జారి, కాలు ఎగిరినట్టు ముందుకు వస్తుంది. రాత్రంతా పడుకుని లేచినప్పుడు, చలి రోజుల్లో ఎక్కువ. కాలు బాగా వెనక్కి చాచినప్పుడే ఆ నరం చిక్కుకుంటుంది. బండ లాగేటప్పుడు ఎద్దు వేసే అడుగూ సరిగ్గా అలాంటిదే.

దీన్ని పట్టుకోవడానికి ఖర్చేమీ అక్కర్లేదు. పొద్దున్నే కొట్టం ముందు మట్టి చూడండి. గిట్ట గుర్తులకు వెనక సన్నటి గీతలుంటాయి. కాలు ఎత్తి గిట్ట కొన చూడండి. రెండో కాలిదానికంటే ముందువైపు అరిగి, నున్నగా ఉంటుంది. గిట్ట అడుగున నొక్కితే మాత్రం ఎద్దు ఉలిక్కిపడదు. పాదం నొప్పికీ దీనికీ తేడా అదే. పాదం నొప్పయితే నడిచేకొద్దీ ముదురుతుంది, ఇది నడిచేకొద్దీ సర్దుకుంటుంది.

ఆ సర్దుకోవడమే అసలు చిక్కు. ఎద్దును ఆస్పత్రికి తోలుకెళ్లేసరికి పది గంటలవుతుంది, అప్పటికి అది శుభ్రంగా నడుస్తుంటుంది. డాక్టరుగారికి కనిపించేది మంచి ఎద్దే. అందుకే అది లేచి వేసే మొదటి అడుగులను పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. తోలుకెళ్లలేకపోతే 1962కి ఫోన్ చేసి, సంచార పశువైద్య వాహనం పొద్దున్నే రాగలదేమో అడగండి.

ఆ నరాన్ని కోసి వదిలేయడమే దీనికి మందు. ఆ చోట మత్తు సూదివేసి పశువైద్యులు చేసే చిన్న ఆపరేషన్, గాటు కూడా చిన్నదే. చాలా ఎద్దులకు అక్కడికక్కడే కాలు మామూలుగా పడుతుంది. గాయం మానాక ఖాళీ బండికి కట్టి నడిపించి, తర్వాతే బరువు పెట్టాలి. తుంటి మీద వాతలు మాత్రం పెట్టించవద్దు. దానివల్ల తోలు కాలిపోవడం తప్ప చిప్ప సర్దుకోదు.

కాళ్లు బాగున్నాయి, ఎండెక్కగానే రొప్పుతోంది

ఎప్పుడైనా గాలికుంటు వచ్చిందేమో అమ్మినవాళ్లను అడగండి. ఆ జబ్బు నుంచి తేరుకున్న పశువుల్లో కొన్నింటికి ఎండ తట్టుకునే శక్తి పోతుంది, వెంట్రుకలూ దుబ్బుగా పెరుగుతాయి. ఇది మళ్లీ మామూలు కావడం కష్టం. బండలాగుడు వదిలేసి, తెల్లవారుజామున చల్లదనంలో అయ్యే పనే పెట్టండి.

కాడి వేయగానే పక్కకు లాగుతోంది

మెడ తడిమి చూడండి. పుండుంటే అది మానేదాకా ఏ కాడీ వద్దు. పుండు లేకపోతే దాపటి (ఎడమవైపు) ఎద్దును ఎలపట (కుడివైపు) కట్టారేమో చూసుకోండి.

తుంటి కీలు జారడం, వెన్ను దెబ్బ, బూజు గడ్డి తిని చెవులు, తోక కొసలు ఎండిపోవడం లాంటివి అరుదు. అవి డాక్టరుగారు చూసి తేల్చాల్సినవి.

ఇవన్నీ చూశాక కూడా కీళ్లు నిజంగానే అరిగాయని తేలితే అప్పుడు పని మార్చండి. పందెంలో చిన్న విభాగంలో దించుదామంటే కుదరదు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్ల విభాగాలు వయసును బట్టి ఉంటాయి, పళ్లన్నీ వచ్చి నోరు నిండిన ఎద్దు వెనక్కి పోలేదు. నెల్లూరు వైపు తేలిక పని అనుకుని దమ్ముకు కట్టేస్తారు. బురదలోంచి ప్రతి అడుగూ పీక్కోవాలి, అరిగిన కీలుకు అంతకంటే హింస లేదు. దానికంటే ఒంగోలు, కొండపి వైపు పొగాకు చేలల్లో సాళ్ల మధ్య గుంటక తోలడం నయం. నేల పొడిగా ఉంటుంది, నడక తిన్నగా ఉంటుంది, లాగే బరువు తక్కువ. తారు రోడ్డు మీద టైరు బండి కూడా ఫరవాలేదు, పల్లంలో మాత్రం బండి తోసుకురాకుండా పట్టుకోవాలి.

వెనక కాళ్లు దెబ్బతిన్న గిత్తను ఆబోతుగా ఉంచాలనుకోకండి. ఆవు మీదికి ఎక్కినప్పుడు ఒంటి బరువంతా ఆ రెండు కాళ్ల మీదే పడుతుంది. ముందు కాలు దెబ్బతిన్నదయితే డాక్టరుగారిని అడిగి ఆలోచించవచ్చు. అందం చూసి ప్రదర్శనకు తీసుకెళ్దామన్నా అక్కడ నడిపించి చూస్తారు, కుంటు దాగదు.

పని మార్చిన రోజే జతలో రెండోదాని సంగతీ చూడండి. ఇన్నాళ్లూ కుంటిదాని బరువు కూడా అదే లాగి ఉంటుంది. దాని నాడాలూ తీయించి, గిట్టలు కడిగి చూసి, మెడ తడమండి. కొత్త జోడీ కుదిరేదాకా దానికీ విశ్రాంతి ఇవ్వండి.