సెటప్ ఏ తెర దగ్గర ఆగిపోతోందో పట్టుకోవడం ఎలా

విజయవాడ బీసెంట్ రోడ్డు బట్టల కొట్టులోనైనా, గుంటూరు మిర్చి యార్డు కమీషన్ కొట్టులోనైనా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేది ఎక్కువగా గుమస్తానే. మధ్యలో ఆగితే "అవ్వట్లేదండీ" అని ఫోను వస్తుంది, అంతే. ఎక్కడ ఆగిందో సెటప్పే రాసిపెట్టాలి. విండోస్ ప్రోగ్రాములకు ఇన్‌స్టాలర్ తయారుచేసే ఇన్నో సెటప్‌లో ఇది తేలిక.

స్క్రిప్టులోని సెటప్ సెక్షన్‌లో సెటప్‌లాగింగ్‌కి ఎస్ (yes) ఇవ్వండి. టెంప్ ఫోల్డర్లో లాగ్ ఫైలు, అంటే ఏం జరిగిందో వరుసగా రాసుకునే ఫైలు, తయారవుతుంది. ప్రతి లైనుకూ టైము అదే వేసుకుంటుంది.

తెర మారినప్పుడల్లా నడిచే ఫంక్షన్ కర్‌పేజ్‌ఛేంజ్డ్ (CurPageChanged). అందులోంచి లాగ్‌లో తెర పేరు రాయండి, నంబరు కాదు. మీరు చేర్చిన పేజీలకు నంబర్లు రన్ అయ్యేటప్పుడే పడతాయి, ముందు ఇంకోటి చేరిస్తే మారిపోతాయి. "రోజూ బ్యాకప్" టిక్కు మార్చారా లేదా అన్నది, నెక్స్ట్ నొక్కినప్పుడు నడిచే నెక్స్ట్‌బటన్‌క్లిక్ (NextButtonClick) ఫంక్షన్‌లోనే చూడండి. చెక్‌బాక్స్ ఆన్‌క్లిక్‌లో రాస్తే, కోడ్ టిక్ పెట్టినా మనిషి నొక్కినట్టే పడుతుంది.

అసలు సమాచారం నెక్స్ట్‌ని మీరే ఆపే చోట ఉంటుంది. నెక్స్ట్‌బటన్‌క్లిక్ ఫాల్స్ ఇస్తే తెర ముందుకు కదలదు. అలా ఫాల్స్ ఇచ్చే ముందు కారణం తప్పకుండా రాయండి. లాగ్‌లో ఇలా కనిపించిందనుకోండి:

జీఎస్టీ తెర – ఆగింది – పొడవు 16
జీఎస్టీ తెర – ఆగింది – పొడవు 16
జీఎస్టీ తెర – క్యాన్సిల్ నొక్కారు

జీఎస్టీ నంబరు 15 అక్షరాలే. వాట్సాప్ నుంచి కాపీ చేసినప్పుడు చివర ఖాళీ వచ్చి చేరింది. కంటికి కనపడదు, గుమస్తా తప్పేమీ లేదు. ట్రిమ్ చేసి, అంటే చివరి ఖాళీలు తీసేసి, సరిచూస్తే ఆ తెర దాటిపోతుంది.

నంబరు మాత్రం లాగ్‌లో రాయొద్దు. అందులో 3 నుంచి 12 వరకు ఉన్న అక్షరాలు పాన్ నంబరే. పొడవు, మొదట ఆంధ్ర కోడ్ 37 ఉందా లేదా, ఈ రెండూ చాలు. ఫోల్డర్ దారిలో విండోస్ యూజర్ పేరూ ఉంటుంది కాబట్టి లాగ్‌ని అడగకుండా పంపించుకోవద్దు. లాగ్ పంపడానికి ఒప్పుకుంటున్నామనే టిక్కు ముందే పెట్టి ఉంచొద్దు.

లెక్క తప్పించేవి రెండున్నాయి. క్యాన్సిల్ నొక్కినప్పుడు నడిచే క్యాన్సిల్‌బటన్‌క్లిక్ ఫంక్షన్ "నిజంగా ఆపేయాలా?" అని అడగకముందే నడుస్తుంది. వాళ్లు "నో" అంటే పని సాగుతుంది, కాబట్టి ఆ తర్వాత లైన్లు ఉన్నాయేమో చూడండి. తెరలు చూపకుండా దానంతటదే నడిచే సైలెంట్ ఇన్‌స్టాల్‌లో మనిషి లేకపోయినా నెక్స్ట్‌బటన్‌క్లిక్ నడుస్తుంది. సైలెంట్‌గా నడుస్తోందో లేదో చెప్పే విజార్డ్‌సైలెంట్ (WizardSilent) ట్రూ అయితే ఆ లైన్లు లెక్కలోంచి తీసేయండి.

బయటికిచ్చే ముందు ఒకసారి బ్యాక్ నొక్కి, ఒకసారి క్యాన్సిల్ నొక్కి "నో" అని, ఒకసారి సైలెంట్‌గా నడిపి మూడు లాగ్‌లూ పక్కపక్కన పెట్టి చదవండి.