సెమీ ఆటోమేటిక్ పిస్టల్: నమ్మకం, అరుగుదల, కాలిబర్ మార్పిడి

సెమీ ఆటోమేటిక్ పిస్టల్ ఒక్కసారి పేలడానికి సెకనులో చిన్న భాగమే పట్టినా, ఆ కాస్త వ్యవధిలో ఎన్నో పనులు ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. తూటా పేలిన ఒత్తిడికి, పైన జరిగే భాగమైన స్లైడ్, గుండు వెళ్లే గొట్టమైన బ్యారెల్ ఒకదానికొకటి బిగిసి ఉండగానే కొద్ది దూరం వెనక్కి జరుగుతాయి. తర్వాత బ్యారెల్ వెనుక భాగం కిందికి వాలి స్లైడ్ నుంచి విడిపోతుంది. ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం ఖాళీ గుల్ల అంచును పట్టి లాగితే, ఎజెక్టర్ దాన్ని బయటికి విసురుతుంది. రీకాయిల్ (వెనక్కి తన్నే ఊపు) స్ప్రింగ్ బలంతో స్లైడ్ ముందుకు వస్తూ, పిడిలో అమర్చిన మ్యాగజైన్‌లోని పై తూటాను బ్యారెల్ వెనుక తూటా కూర్చునే చాంబర్లోకి తోసి, మళ్లీ బ్యారెల్‌తో బిగుసుకుంటుంది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ వాలే బ్యారెల్ పద్ధతినే నేటి పెద్ద కాలిబర్ (గుండు వ్యాసపు కొలత) పిస్టళ్లలో ఎక్కువ భాగం ఏదో ఒక రూపంలో అనుసరిస్తున్నాయి. పిస్టల్ మొరాయించినప్పుడు ఈ వరుసలో ఏ మెట్టు దగ్గర ఆగిందో ముందు గుర్తించాలి. అది తెలియకుండా ఒక్క భాగాన్నీ మార్చకూడదు.

ఏ పరీక్షకైనా ముందు పిస్టల్‌ను ఖాళీ చేయాలి, అందులోనూ క్రమం తప్పకూడదు. మొదట మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ లాగి చాంబర్‌ను కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. ఈ క్రమం తిరగబడితే, చాంబర్ ఖాళీ చేసి స్లైడ్ వదిలిన మరుక్షణమే మ్యాగజైన్‌లోని తూటా మళ్లీ లోపలికి చేరుతుంది. విప్పి చూసే గదిలో అసలు తూటాలు ఉండకూడదు. కింద చెప్పే పరీక్షలన్నిటికీ మందు గాని, దాన్ని అంటించే ప్రైమర్ గాని లేని డమ్మీ తూటాలనే వాడాలి.

మొరాయింపుల్లో మొదటి అనుమానితురాలు మ్యాగజైన్. దాని పైన తూటాను పట్టి ఉంచే పెదవుల్లాంటి అంచులు కొద్దిగా విచ్చుకున్నా, స్ప్రింగ్ నీరసించినా, తూటా సరైన కోణంలో, సరైన సమయానికి పైకి రాదు. తూటా ముక్కు చాంబర్లోకి నడిపే వాలుకు (ర్యాంపుకు) తగిలి ఆగిపోతుంది, లేదా స్లైడ్ తూటాను అందుకోకుండానే దాని మీదుగా వెళ్లిపోతుంది. అందుకే ప్రతి మ్యాగజైన్ అడుగున పెయింటుతో ఒక అంకె వేసి, ఏ మొరాయింపు ఏ అంకెతో వచ్చిందో రాసుకోవాలి. మూడు మ్యాగజైన్లలో ఒక్కదానితోనే తంటా వస్తుంటే పిస్టల్ జోలికి వెళ్లనవసరం లేదు. ఇంత సులభమైన పని చేయకుండా ఎక్స్‌ట్రాక్టర్‌ను ఆకురాయితో గీకడం మొదలుపెట్టేవారే ఎక్కువ. గీకిన లోహం తిరిగి రాదు.

ఖాళీ గుల్ల స్లైడ్‌కు, బ్యారెల్‌కు మధ్య నిలువుగా ఇరుక్కుంటే స్లైడ్ పూర్తి వేగంతో వెనక్కి వెళ్లలేదని అర్థం. తూటా బలహీనంగా ఉండటం, స్ప్రింగ్ అవసరానికి మించి గట్టిగా ఉండటం, స్లైడ్ జారే పట్టాలు నూనె లేక ఎండిపోవడం, పట్టుకున్నవారి మణికట్టు వదులుగా ఉండటం, ఈ నాలుగింటిలో ఏదైనా కారణం కావచ్చు. చివరిదాన్ని తేల్చుకోవడానికి అదే పిస్టల్‌ను, అదే తూటాలతో అనుభవమున్న మరొకరి చేత కాల్పించి చూడాలి. గుల్ల చాంబర్లోనే ఉండిపోతే ఎక్స్‌ట్రాక్టర్‌ను, చాంబర్ శుభ్రతను చూడాలి. స్లైడ్‌ను విడదీసి, డమ్మీ తూటా అంచును కొక్కెం కిందికి జార్చి, స్లైడ్‌ను మెల్లగా కదిపినా తూటా రాలిపోకపోతే పట్టు సరిపోయినట్టే.

రెండు సందర్భాల్లో మాత్రం వెతుకులాట పక్కన పెట్టి వెంటనే ఆగాలి. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే, మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంది కనుక, గొట్టం మొనను సురక్షిత దిశలోనే ఉంచి కనీసం 30 సెకన్లు కదలకుండా ఉండాలి. శబ్దం, రీకాయిల్ రెండూ అసాధారణంగా తక్కువగా ఉంటే గుండు బ్యారెల్ మధ్యలోనే నిలిచిపోయి ఉండవచ్చు. ఆ స్థితిలో మరో తూటా పేలిస్తే బ్యారెల్ ఉబ్బవచ్చు, పగలవచ్చు కూడా.

ఇక అరుగుదల. బ్యారెల్ మీద, స్లైడ్ మీద పైపూత పోయి లోహం మెరుస్తుంటే చాలామంది కంగారు పడతారు గాని, అది రాపిడి గుర్తు మాత్రమే. లోహం నలిగి అంచులు పైకి లేవడం, బిగుసుకునే మూలలు గుండ్రబడటం, గుల్ల బయటపడే కిటికీ మూలల్లోనో బ్యారెల్‌ను స్లైడ్‌తో బిగించే లాకింగ్ బ్లాక్ మీదనో వెంట్రుకంత గీత కనిపించడం అసలు హెచ్చరికలు. 1980ల చివర్లో అమెరికా సైన్యంలోని కొన్ని బెరెట్టా పిస్టళ్ల స్లైడ్లు విరిగి, వెనుక ముక్క కాల్చేవారి మీదికి ఎగిరి గాయాలయ్యాయి. స్లైడ్ విరిగినా ఆ ముక్క వెనక్కి ఎగరకుండా హ్యామర్ (సుత్తి) తిరిగే ఇరుసైన హ్యామర్ పిన్ తలను పెద్దది చేయడం ఆ సంస్థ చేసిన మార్పు, అదే 92ఎఫ్‌ఎస్. నూనె తుడిచి, మంచి వెలుతురులో భూతద్దంతో చూస్తేనే అలాంటి గీతలు కంటపడతాయి.

అన్నిటికంటే ముందు అలిసిపోయేది రీకాయిల్ స్ప్రింగ్. మామూలు పరిమాణపు 9 మిల్లీమీటర్ల పిస్టల్‌లో దాన్ని 3,000 నుంచి 5,000 తూటాలకు ఒకసారి మార్చడం ఆనవాయితీ. చిన్న పిస్టళ్లలో స్ప్రింగ్ పొట్టిది, పడే ఒత్తిడి ఎక్కువ, కనుక ఇంకా ముందే మార్చాలి. తయారీదారు పుస్తకంలో అంకె ఉంటే అదే ప్రమాణం. ఖాళీ పిస్టల్ మొనను పైకి ఎత్తి, స్లైడ్‌ను చేత్తో నెమ్మదిగా ముందుకు వదులుతూ వస్తే, చివరి కొద్ది దూరం స్ప్రింగే దాన్ని పూర్తిగా మూసివేయాలి. అక్కడ ఆగిపోతే స్ప్రింగ్ అయినా నీరసించి ఉండాలి, పట్టాల్లో మురికైనా పేరుకొని ఉండాలి. నీరసించిన స్ప్రింగ్ వల్ల స్లైడ్ వెనక్కి వెళ్లి ఫ్రేమ్‌ను, అంటే పిడి ఉన్న కింది భాగాన్ని, బలంగా గుద్దుతుంది, అంటే చవకైన భాగాన్ని మార్చని బద్ధకానికి ఖరీదైన భాగం నష్టపోతుంది. 9 మిల్లీమీటర్ల తూటాకు అమెరికా తుపాకీ, తూటా తయారీదారుల ప్రమాణాల సంస్థ సామీ నిర్ణయించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు కాగా ఎక్కువ పీడనంతో చేసిన ప్లస్ పీ రకానికి 38,500. ప్లస్ పీ తూటాలనే తరచుగా కాల్చేవారు మార్పిడి వ్యవధిని తగ్గించుకోవాలి. నూనె పట్టాలకు, బ్యారెల్ రాసుకునే చోట్లకు పలుచగా చాలు. ప్రైమర్‌ను కొట్టే ఫైరింగ్ పిన్ దారిలోకి, మ్యాగజైన్ లోపలికి నూనె వెళ్తే మసి, దుమ్ము అక్కడే ముద్దకడతాయి.

కాలిబర్ మార్పిడి విషయంలో గుండు వ్యాసం కంటే గుల్ల అడుగు అంచును ముందు చూడాలి, ఎందుకంటే స్లైడ్ ముఖం, ఎక్స్‌ట్రాక్టర్, మ్యాగజైన్ ఆ అంచు కొలతకే తయారవుతాయి. 1990లో వచ్చిన .40 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్) గుల్ల అంచు సుమారు 10.8 మిల్లీమీటర్లు. 1994లో వచ్చిన .357 సిగ్ అంచు కూడా అంతే. దాని గుల్ల మెడను సన్నబరిచి 9 మిల్లీమీటర్ల తరగతి గుండును అమర్చారు. అందుకే ఈ రెండింటి మధ్య మార్పిడికి చాలా పిస్టళ్లలో బ్యారెల్ ఒక్కటే మారిస్తే సరిపోతుంది, మ్యాగజైన్ కూడా పాతదే పనిచేస్తుంది. .357 సిగ్ పీడనం 40,000 పౌండ్లు కాబట్టి స్ప్రింగ్‌పై, ఫ్రేమ్‌పై భారం పెరుగుతుందని మాత్రం మరవకూడదు.

.40 నుంచి 9 మిల్లీమీటర్లకు దిగడం దీనికంటే చిక్కైన వ్యవహారం. 9 మిల్లీమీటర్ల గుల్ల అంచు సుమారు 10 మిల్లీమీటర్లే కనుక వెడల్పైన స్లైడ్ ముఖంలో అది కాస్త వదులుగా కూర్చుంటుంది. ఇందుకోసం అమ్మే ప్రత్యేక బ్యారెల్ బయటి వైపు .40 స్లైడ్‌కు, లోపలి వైపు 9 మిల్లీమీటర్లకు సరిపోయేలా ఉంటుంది. మ్యాగజైన్లు 9 మిల్లీమీటర్లవే వాడాలి. కొన్ని పిస్టళ్లకు ఎక్స్‌ట్రాక్టర్, ఎజెక్టర్ కూడా మార్చాల్సి వస్తుంది. .40 కోసం చేసిన బరువైన స్లైడ్‌ను తక్కువ శక్తి గల తూటా నెట్టాలి కనుక స్ప్రింగ్ సమతూకం కూడా మారుతుంది. గురి పెట్టుకుని కాల్చే సాధనకు ఇది సరిపోతుంది గాని, ప్రాణరక్షణకు ఆధారపడే పిస్టల్‌ను ఇలా మార్చడం నాకు సమ్మతం కాదు. 9 మిల్లీమీటర్ల స్లైడ్‌లో .40 బ్యారెల్ అమర్చాలన్న ఆలోచనను మొదట్లోనే వదిలేయాలి. ఆ ఇరుకు ముఖంలో పెద్ద గుల్ల పట్టదు, ఆకురాయితో వెడల్పు చేయబోతే స్లైడ్ బలమే పోతుంది.

.22 తూటాలకు మార్చే కిట్లు వేరే జాతివి. అంత బలహీనమైన తూటా బరువైన స్లైడ్‌ను నడపలేదు కాబట్టి, తేలికైన స్లైడ్, కదలని బ్యారెల్, ప్రత్యేక మ్యాగజైన్ కలిపి పైభాగం మొత్తాన్ని మారుస్తారు. 1938లో కోల్ట్ తెచ్చిన కిట్‌లో మాత్రం డేవిడ్ మార్షల్ విలియమ్స్ రూపొందించిన కదిలే చాంబర్ ఉండి, చిన్న తూటా తోపునే పెంచి బరువైన స్లైడ్‌ను కదిలించేది. ఈ తూటాలు మసి ఎక్కువగా వదులుతాయి, కనుక శుభ్రం చేయడం ఇంకా తరచుగా జరగాలి.

ఏ కిట్ అయినా ఆ మోడల్ కోసం, ఆ తరం కోసం ప్రకటించినదే తీసుకోవాలి. అనేక దేశాల్లో విడి బ్యారెల్‌కు, స్లైడ్‌కు కూడా లైసెన్సు అవసరం కాబట్టి కొనేముందే నిబంధనలు చూసుకోవాలి. బ్యారెల్‌ను విడిగా చేత్తో పట్టుకుని డమ్మీ తూటాను చాంబర్లో వదిలితే అడ్డంకి లేకుండా జారి టప్పున కూర్చోవాలి, తలకిందులు చేస్తే దానంతటదే రాలాలి. ఫ్రేమ్‌లో బిగించాక స్లైడ్ పూర్తిగా మూసుకుంటోందో, బ్యారెల్ విడిపోయేటప్పుడు ఎక్కడైనా గీసుకుంటోందో చూడాలి. బలవంతంగా కూర్చోబెట్టాల్సి వస్తే ఆపి, తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌కు చూపించాలి.

రేంజ్‌లో మొదట ఒక్కో తూటా, తర్వాత రెండేసి, ఆ తర్వాతే నిండు మ్యాగజైన్. మొదటి గుల్లలను ఏరి, ఒళ్లు ఉబ్బిందా, అడుగు పగిలిందా, ప్రైమర్ మధ్యలో చిల్లు పడిందా అని పరిశీలించాలి. బల్ల మీద ఒక్క కాలిబర్ తూటాలే ఉండాలి, ఎందుకంటే .40 చాంబర్లోకి పొరపాటున వెళ్లిన 9 మిల్లీమీటర్ల తూటాను కొక్కెం పట్టి ఉంచితే అది పేలనూవచ్చు, గుల్ల చీలనూవచ్చు. స్లైడ్ మీద చెక్కిన కాలిబర్ ఒకటి, లోపలి బ్యారెల్‌ది మరొకటి అయినప్పుడు ఈ పొరపాటుకు అవకాశం రెట్టింపవుతుంది. పెట్టె మీద, పిస్టల్ సంచి మీద ప్రస్తుత కాలిబర్ చీటీ అతికించాలి. మార్పిడి తర్వాత కనీసం 200 తూటాలు ఒక్క మొరాయింపు లేకుండా నడిచేవరకు పిస్టల్‌ను కొత్తదానిగానే లెక్కించాలి. లెక్క పుస్తకంలో బ్యారెల్‌కు, స్ప్రింగ్‌కు వేరువేరు పద్దులు రాసినా, ఫ్రేమ్ పద్దులో మాత్రం రెండు కాలిబర్ల తూటాలనూ కలిపి కూడాలి.