రాత్రి రెండింటికి ఎవరికి ఫోన్ చేయాలి?

వారానికి 168 గంటలు. అందులో మన సంగతి తెలిసిన డాక్టర్ దొరికేది ఏ 45 గంటలో, 50 గంటలో. మిగతావన్నీ రాత్రులు, ఆదివారాలు, సెలవులు. ఇంట్లో ఎవరైనా చివరి దశలో ఉన్నప్పుడు కష్టం కూడా ఎక్కువగా ఆ మిగతా గంటల్లోనే వస్తుంది, ఎందుకంటే ఉన్న టైమ్‌లో ఎక్కువ భాగం అదే మరి. కాబట్టి రాత్రికి కావాల్సిన పని పగలే చేసి పెట్టుకోవాలి.

ముందు డాక్టర్‌ని మొహమాటపడకుండా అడగండి: "ఇకమీదట ఏమేం రావచ్చు, అర్ధరాత్రి వస్తే మేమేం చేయాలి?" "జాగ్రత్తగా చూసుకోండి" అంటే సరేనని లేచి వచ్చేయకండి. నొప్పి, ఆయాసం, వాంతులు, స్థిమితం లేకపోవడం, గొంతులో గురగుర... ఒక్కోదానికి ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకోసారి, ఎన్నిసార్లు ఇచ్చినా తగ్గకపోతే ఫోన్ చేయాలి అన్నది రాయించుకోండి. పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బులో బాధ తగ్గించే వైద్యం) వాళ్లు చాలాచోట్ల ఈ మందులు (సాధారణంగా మార్ఫిన్, మిడజోలం, హాలోపెరిడాల్, గ్లైకోపైరోలేట్ లాంటివి) అవసరం రాకముందే ఇంట్లో ఉంచేలా చూస్తారు. మింగలేని రోజు వస్తే చర్మం కింద సన్న సూదితో ఇవ్వొచ్చు. ఆ సూది పెట్టడానికి రాత్రి నర్సు వస్తారా, మీకే నేర్పిస్తారా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.

మార్ఫిన్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. రోజూ వేళకు ఇస్తున్నా మధ్యలో నొప్పి తన్నుకొస్తే ఇచ్చే అదనపు డోసు మామూలుగా రోజు మొత్తంలో ఆరో వంతు నుంచి పదో వంతు ఉంటుంది, అంటే రోజుకు 60 మిల్లీగ్రాములు తీసుకునే మనిషికి 6 నుంచి 10. మీరే లెక్కేసి ఇచ్చేయమని కాదు, డాక్టర్ రాసిన అంకె చూసి రాత్రిపూట చెయ్యి వణక్కుండా ఉండడానికి చెబుతున్నాను. ఇదిస్తే ప్రాణం పోతుందేమోనని డోసు ఎగ్గొట్టేవాళ్లు ఎందరో. రాసిచ్చిన మోతాదులో ఇస్తే అది నొప్పిని తగ్గించే మందే. ఎగ్గొడితే బాధపడేది మంచం మీదున్న మనిషి.

ఇంకోటి, స్టాక్. మా నాన్నకి బాగోలేనప్పుడు ఒక శనివారం రాత్రి సీసా లైటుకి ఎత్తి చూస్తే అడుగున ఒక్క డోసు ఉంది. తప్పు నాదే, చూసుకోలేదు. మార్ఫిన్ అన్ని మందుల షాపుల్లోనూ ఉండదు, చీటీ లేనిదే ఇవ్వరు. తెల్లారేదాకా ఆ ఒక్క డోసు చుట్టూ గడియారం చూస్తూ కూర్చున్నాం. అప్పట్నుంచి ప్రతి గురువారం లెక్కపెట్టడం మొదలుపెట్టాను, శుక్రవారమైతే చేతిలో ఒక్కరోజే మిగులుతుంది కాబట్టి.

ఫోన్ ఎత్తేది ముక్కూమొహం తెలియని మనిషి కావచ్చు. అందుకే ఒక్క కాగితం రాసి బీరువా తలుపుకి అంటించండి: పేరు, వయసు, జబ్బు, వాడుతున్న మందులు, పడని మందులు, రాత్రి నంబర్లు, మరణాన్ని ధ్రువీకరించడానికి ఎవరు రావాలో, ఇంట్లోనే ఉండాలనుకుంటున్నారా ఆస్పత్రికి వెళ్లాలనుకుంటున్నారా అన్న వాళ్ల మాట. గుండె ఆగితే ఛాతీ నొక్కి బతికించే ప్రయత్నం వద్దని డాక్టర్ కాగితం ఇచ్చి ఉంటే అదీ అక్కడే ఉండాలి. అది చూపించలేకపోతే అంబులెన్స్ వాళ్లు వాళ్ల పని మొదలుపెట్టేయొచ్చు. మాట్లాడేటప్పుడు కథంతా వద్దు. "క్యాన్సర్ చివరి దశ, గంట నుంచి ఆయాసం, పదకొండున్నరకి ఒక డోసు ఇచ్చాం, తగ్గలేదు" అంటే చాలు, మిగతాది వాళ్లే అడుగుతారు.

ఫోన్ చేసి ఎదురుచూసేలోపు ఆయాసమైతే తలవైపు ఎత్తుగా పెట్టి మొహానికి చిన్న ఫ్యాన్ గాలి తగలనివ్వండి, నిజంగా ఉపశమనం ఇస్తుంది. ఊరికే మెలికలు తిరుగుతుంటే మూత్రం ఎప్పుడు పోశారో, విరేచనం అయి ఎన్ని రోజులైందో గుర్తు చేసుకుని అది కూడా ఫోన్‌లో చెప్పండి. గొంతులో గురగుర వింటే మనకి గుండె జారిపోతుంది గానీ ఆ దశలో వాళ్లకి సాధారణంగా అంత బాధ తెలియదంటారు, పక్కకి తిప్పి పడుకోబెట్టండి.

ఆగకుండా వెంటనే ఫోన్ చేయాల్సినవి కొన్ని: కాళ్లు ఉన్నట్టుండి పట్టు తప్పడం, వెన్నునొప్పితో పాటు మూత్రం మీద అదుపు పోవడం, కీమో నడుస్తుండగా 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం, మూర్ఛ. రక్తస్రావం అవ్వొచ్చని డాక్టర్ ముందే చెప్పి ఉంటే ముదురు రంగు తువ్వాళ్లు దగ్గర ఉంచుకోండి, తెల్లగుడ్డ మీద రక్తం చూస్తే రోగి ఇంకా భయపడతారు.

ఎదురుచూస్తున్న మరణమే అయితే, ఊపిరి ఆగాక పరుగెత్తాల్సిన పని లేదు. టైమ్ చూసి రాసుకోండి. కాసేపు పక్కన కూర్చోండి. ధ్రువీకరించడానికి ఎవరు రావాలో ఆ కాగితం మీదే ఉంటుంది, ఫోన్ ఆ తర్వాత చేయొచ్చు.