నెత్తళ్ల వేపుడుకు తియ్యని తెల్ల వైన్

విశాఖ ఫిషింగ్ హార్బరులో చవకగా దొరికే నెత్తళ్లకు ఉప్పు, పసుపు, కారం పట్టించి, పైన కాస్త బియ్యప్పిండి చల్లి కరకరలాడేలా వేయించుకున్న రాత్రి, నాసిక్ ద్రాక్షతో చేసే చెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ రకాల్లో కొద్దిగా తియ్యగా ఉండేది చక్కగా నప్పుతుంది. వైన్‌లోని తీపి కారపు మంటను తగ్గిస్తుంది, పులుపు నూనె జిడ్డును నాలుక మీద నిలవనీయదు. అయితే ఆల్కహాలు మంటను పెంచుతుంది కనుక, సీసా మీద 12 శాతం దాటనిదాన్ని ఎంచుకోవడం మేలు. మన ఉక్కపోతలో సీసాను రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి, లేకుంటే అది పానకంలా వెగటు పుట్టిస్తుంది. చేపల పులుసుతో మాత్రం ఒకసారి తాగి నిరాశపడ్డాను. చింతపండు ముందు వైన్ పూర్తిగా చప్పబడిపోయింది.