ఓరుగల్లును పుస్తకాల్లో వెతకాలంటే

హనుమకొండలో నాకు చిన్న కుట్టు దుకాణం ఉంది. బేరాలు లేని మధ్యాహ్నాలు చదువుకుంటాను. కాకతీయుల గురించి ముందు ఏది చదవాలని అడిగితే, నవలతో మొదలుపెట్టమంటాను. అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ చదివితే రుద్రమదేవి కాలం మనసుకు పడుతుంది. అయితే అది కల్పన. దాన్ని పట్టుకుని చరిత్ర వాదనకు దిగకండి.

తర్వాత ‘క్రీడాభిరామం’, పద్యాలూ వచనాలూ కలిసిన పాత తెలుగు వీధి నాటకం. ఇక్కడ తొందర పనికిరాదు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసినవన్నీ చెప్పుకుంటారు. పూటకూళ్ల ఇంట్లో ఒక్క రూకకు, అంటే ఆనాటి నాణేనికి, భోజనం! గోధుమపిండి వంట కూడా ఉంటుంది. ఆ పద్యం చదివిన రోజు నాకు ఇంటికి తెచ్చుకున్న చద్ది సహించలేదు.

నేను మొదట మూలం మాత్రమే ఉన్న ప్రతి కొని, పది పద్యాల దగ్గరే నెల రోజులు చతికిలబడ్డాను. మీరు టీకా, తాత్పర్యం ఉన్నదే కొనండి. ముందు వచనాలు చదివి కథ పట్టుకోండి. ఆ పైన పద్యం గొంతెత్తి చదవండి, అర్థం తర్వాత చూడండి. శృంగారం కొంచెం మోటుగానే ఉంటుంది, ముందే చెబుతున్నాను.

అది సగమైనప్పుడు సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కాకతీయుల ప్రకరణం తెరవండి. మీరు చదివిన పద్యాలే అక్కడ సాక్ష్యాలుగా కనిపిస్తాయి. ఒక ఆదివారం పుస్తకంతో కోటకు వెళ్లి, కీర్తి తోరణాల నీడన కూర్చుని మళ్లీ చదవండి. కోడిపందాల పద్యాలు మాత్రం నేను దాటేశాను.